అండమాన్ జంట ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: వోచరులో ‘ఆర్ సిమిలర్’ అని ఉందేమో చూసుకోండి

అండమాన్ దీవులకు దంపతుల ప్యాకేజీ కొనబోతున్నవారు, మిగిలిన సొమ్ము చెల్లించే ముందు, ఏజెంటు పంపిన వోచరులో హోటలు పేరు పక్కన ‘ఆర్ సిమిలర్’ (లేదా అలాంటిదే మరో హోటలు) అన్న మాట ఉందేమో ఒకసారి చూసుకోవలసిందిగా మనవి. మేము ఆ మాటను చూశాము, చూసి కూడా పట్టించుకోలేదు. ఫలితంగా మా పదో పెళ్లిరోజు సముద్రం ఒడ్డున కాక డీజిల్ జనరేటరు పక్కన గడిచింది.

మొన్నటి డిసెంబరులో మావారూ నేనూ ఐదు రాత్రుల ప్రయాణానికి, విమాన టికెట్లు కాక, ఇద్దరికీ కలిపి 64,000 రూపాయలు చెల్లించాము. శ్రీ విజయపురంలో రెండు రాత్రులు, స్వరాజ్ ద్వీప్‌లో రెండు, షహీద్ ద్వీప్‌లో ఒకటి అన్నది ఒప్పందం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది, హావ్‌లాక్, నీల్ దీవుల పేర్లు 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మారాయి. అయినా ఏజెంట్ల కాగితాలలో పాత పేర్లూ కొత్త పేర్లూ కలగాపులగంగా ఉంటాయి కనుక, అది చూసి కంగారు పడనక్కరలేదు. కంగారు పడవలసినవి వేరే ఉన్నాయి.

వాట్సాప్‌లో ఏజెంటు పంపిన బ్రోచరు మొదటి పేజీలో తెల్లని ఇసుక, ఒడ్డు మీద నిటారుగా నిలిచిన పెద్ద చెట్లు, ఎర్రబడిన ఆకాశం, ముందు అరుగు మీద రెండు కుర్చీలు వేసిన ఒక కాటేజీ ఉన్నాయి. “గుమ్మం దిగితే ఇసుకే మేడమ్, సాయంత్రం అరుగు మీద కూర్చుని సన్‌సెట్ చూడొచ్చు” అని ఆయన ఫోనులో చెప్పాడు. ఆ మాటకే మేము లొంగిపోయాము. సగం సొమ్ము అడ్వాన్సుగానూ, మిగిలిన సగం ప్రయాణానికి పది రోజుల ముందూ పంపాము. వోచరు మాత్రం రెండో సగం అందాకే వచ్చింది. వరస ఇలా తలకిందులైనప్పుడే అనుమానించవలసింది.

స్వరాజ్ ద్వీప్ జెట్టీలో దిగగానే మా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడిన డ్రైవరు మమ్మల్ని వోచరులో ఉన్న హోటలుకు కాక మరో హోటలుకు తీసుకువెళ్లాడు. ఫోను చేస్తే, “మీరు అడిగిన చోట రూములు ఫుల్ అయిపోయాయండీ, సిమిలర్ కేటగిరీలోనే ఇచ్చాం కదా” అని ఏజెంటు తాపీగా సమాధానమిచ్చాడు. మాకు ఇచ్చినది ఆ హోటలు వారి పట్టికలో ‘గార్డెన్ కాటేజ్’, అంటే అన్నింటికంటే వెనక వరుస. మంచం మీద రెండు తువాళ్లను హంసల్లా మడిచి, మధ్యలో కాగితపు పూల రేకులతో హృదయాకారం పేర్చి ఉంచారు. ఆ రేకుల వెంట ఎర్రచీమలు దిండు దాకా బారు తీరి ఉన్నాయి. కిటికీ తెర తొలగిస్తే అడుగు దూరంలో ప్రహరీ, ప్రహరీ అవతల జనరేటరు. ఆ దీవిలో కరెంటు పోవడం వింత కాదు. పోయిన ప్రతిసారీ మా మంచం సన్నగా వణికేది.

సముద్రం లేదని చెప్పలేను. కాటేజీల మధ్య బాట వెంట నడిచి, వంటశాల వెనక నుంచి వెళితే ఒడ్డు వచ్చింది. అయితే మేము చేరినది పౌర్ణమి నాటి మధ్యాహ్నం మూడు దాటాక. నీరు ఎక్కడో దూరాన సన్నని గీతలా మెరుస్తోంది. మా కాళ్ల ముందు మాత్రం బురద, నాచు పట్టిన రాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, పక్కకు ఒరిగి పడుకున్న రెండు పడవలు కనిపించాయి. నాలుగడుగులు వేయగానే మావారి అరికాలు పగడపు ముక్కకు తెగింది. ఐదున్నరకల్లా చీకటి పడిపోయింది. ఈ దీవులు మన తీరానికి ఎంతో తూర్పున ఉండి కూడా మన గడియారమే వాడడం వల్ల శీతకాలంలో అక్కడ పొద్దు అంత త్వరగా వాలుతుంది. అయినా ఆ సూర్యాస్తమయం మాకు కనిపించలేదు, కనిపించే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ ఒడ్డు తూర్పు ముఖంగా ఉంది.

బ్రోచరులోని అసలు మాయ ఇక్కడే ఉంది. ఫొటో దీవి పడమటి ఒడ్డుదైతే గది తూర్పు ఒడ్డుది. ఆ ఫొటోలోనిది రాధానగర్, అంటే స్థానికులు ఏడో నంబరు బీచి అని పిలిచేది. మన విశాఖ రుషికొండతో పాటు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు పొందిన తీరాలలో అదీ ఒకటి. నిజంగానే అంత అందమైనది, ఈతకు మెత్తని ఇసుక నేల ఉన్నది. కాని జెట్టీ నుంచి అది సుమారు 12 కిలోమీటర్లు, దానిని ఆనుకున్న బసలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, వాటి ధరలూ చాలా ఎక్కువ. మధ్య తరగతి ప్యాకేజీలలో ఇచ్చే హోటళ్లలో అత్యధికం మూడో నంబరు గోవింద్‌నగర్, ఐదో నంబరు విజయ్‌నగర్ వైపు, తూర్పు తీరంలోనే ఉంటాయి. ఆ తీరాన్ని నేను తక్కువ చేయడం లేదు. పోటు మీద ఉన్నప్పుడు అక్కడి నీటి రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేము, సూర్యోదయం వరండాలోంచే కనిపిస్తుంది. ఆటు సమయంలో మాత్రం అది స్నానానికి పనికివచ్చే తీరం కాదు. ఈ తేడా అమ్మేవాడికి పూర్తిగా తెలుసు, కొనేవాడికి తెలియదు.

పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఆటుపోట్ల తేడా ఎక్కువ. ఆ రోజుల్లో అక్కడ పోటు ఉదయం తొమ్మిది, పది మధ్య వస్తే, ఆటు మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వస్తుంది. తరువాత రోజుకు సుమారు యాభై నిమిషాలు చొప్పున ఈ వేళలు ఆలస్యమవుతూ ఉంటాయి. మా ఖర్మకు, నీళ్లు ఒడ్డుకు చేరే ఉదయం వేళకు ఎలిఫెంట్ బీచికి బయలుదేరమని డ్రైవరు హారను కొట్టేవాడు, మేము తిరిగి వచ్చేసరికి నీళ్లు వెళ్లిపోయి ఉండేవి. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం చెట్ల మొదళ్ల దాకా వచ్చి చప్పుడు చేసేవి. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాదులోనే ఉంది, ఆటుపోట్ల అంచనాలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. తేదీలు ఖరారు చేసుకునే ముందు పంచాంగంతో పాటు అదీ చూసి ఉంటే మాకు ఈ బాధలో సగం తప్పేది.

మిగిలిన వంచనలను క్లుప్తంగా చెబుతాను. గంటన్నరలో చేర్చే ప్రైవేటు ఫెర్రీ అని రాసి, రెండున్నర గంటల ప్రభుత్వ ఓడకు టికెట్లు ఇచ్చారు. ప్రభుత్వ ఓడలో లోపమేమీ లేదు, ఛార్జీ చాలా తక్కువ. ఆ మిగులు ఎవరి జేబులోకి వెళ్లిందన్నదే మా ప్రశ్న. ‘క్యాండిల్ లైట్ డిన్నర్’ అన్నది అందరూ తినే బఫే హాలులో ఒక బల్లపై పెట్టిన రెండు కొవ్వొత్తులు. ఫ్యాను గాలికి అవి నిలవకపోతే వెయిటరు ఫ్యాను ఆపాడు, ఉక్కపోతకు పక్క బల్లవాళ్లు మళ్లీ వేయించారు.

ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో శ్రీ విజయపురంలో మా కారు నడిపిన పెద్దాయన వివరించాడు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వెళ్లినవారట, అక్కడ అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. “మీ ఏజెంటు హోటలోడికి డబ్బులు కట్టడమ్మా, ఇక్కడున్న ఆపరేటరుకి కడతాడు. ఆడు ఆఖర్రోజు దాకా సూసి, ఏ హోటల్లో సవగ్గా దొరికితే ఆ రూమిచ్చేత్తాడు” అన్నాడు. అంటే మీరు రెండు నెలల ముందు సొమ్ము కట్టినా, మీ పేరున గది పడేది మీరు విమానం ఎక్కడానికి ఒకటి రెండు రోజుల ముందు కావచ్చు. ఈ మధ్యలో ధరలు పెరిగితే ఆ భారం మీ గదిని వెనక వరుసకు నెడుతుంది. ‘ఆర్ సిమిలర్’ అన్న మాట వాళ్లకు రక్షణగా నిలిచేది అప్పుడే. వోచరులో రాసిన హోటలుకు నేనే ఫోను చేసి విచారించగా, మా పేరున ఏనాడూ బుకింగే రాలేదని చెప్పారు. ఆ ఒక్క ఫోను హైదరాబాదులో ఉండగానే చేయవలసింది.

కాబట్టి రెండో విడత సొమ్ము పంపే ముందు, మీ పేరున హోటలు ఇచ్చిన కన్ఫర్మేషన్ నంబరు అడగండి, ఆ నంబరుతో మీరే నేరుగా హోటలుకు ఫోను చేసి గది రకాన్ని హోటలు వాడే పేరుతోనే నిర్ధారించుకోండి. ‘డీలక్స్’, ‘ప్రీమియం’ వంటివి ఏజెంటు పెట్టుకున్న పేర్లు కావచ్చు. ‘బీచ్ ఫ్రంట్’ అంటే గదికీ ఒడ్డుకీ మధ్య మరో వరుస ఉండదని అర్థం కాగా, ‘బీచ్ యాక్సెస్’ అంటే నడిచి వెళ్లడానికి ఎక్కడో ఒక దారి ఉందని మాత్రమే. ‘సీ వ్యూ’ అన్నది కొబ్బరాకుల సందుల్లోంచి కనిపించే నీలి చారకు కూడా వర్తిస్తుంది. హోటలు మారిస్తే తేడా సొమ్ము వాపసు ఇస్తామనో, మీ అంగీకారం లేకుండా మార్చబోమనో మెయిలులో రాయించుకోండి. ఫెర్రీ పేరు, తరగతి వోచరులో ఉండాలి. సొమ్ము ఏ వ్యక్తి ఫోను నంబరుకో యూపీఐ చేయకుండా సంస్థ ఖాతాకు పంపి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. మేము మొదటి విడత ఒక వ్యక్తిగత నంబరుకు పంపాము, ఆ 32,000 తమకు అందలేదన్నట్టుగా సంస్థ వారు తరువాత కొంతకాలం మాట్లాడారు.

అక్కడికి చేరాక మోసం బయటపడితే, కోపంలో సంచి విసిరి గదిలోకి వెళ్లిపోకండి. తేదీ, సమయం నమోదయ్యేలా ఫొటోలు తీయండి, మీకు ఇచ్చిన గది రకాన్ని రిసెప్షనులో రాయించి ముద్ర వేయించుకోండి, ఆ రోజే ఏజెంటుకు మెయిలు పంపండి. మా రిసెప్షనులోని బెంగాలీ కుర్రవాడు మారుమాట లేకుండా రాసి ఇచ్చాడు. హోటలు తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్లకు ముట్టిన ధరకు వాళ్లు ఇచ్చిన గది సరైనదే.

తిరిగి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాము. అప్పటిదాకా ఫోను ఎత్తని ఏజెంటు అప్పుడు 6,000 రూపాయలు ఇస్తానని, బదులుగా ‘ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైంది’ అని సంతకం చేయాలని, ఎక్కడా రివ్యూ రాయకూడదని షరతు పెట్టాడు. మేము ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఏజెంటు కార్యాలయం ఎక్కడ ఉన్నా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించకపోతే రుసుము కూడా లేదు. వోచరు, బ్రోచరు, రిసెప్షను వారి చీటీ, ఓడ టికెట్లు జతచేసి గత నెలలో కేసు వేశాము. తొలి విచారణ తేదీ ఇంకా రాలేదు. ఏజెంటు నిన్న వాట్సాప్ స్టేటస్‌లో అదే కాటేజీ ఫొటో, అదే సూర్యాస్తమయంతో మళ్లీ పెట్టాడు. ఈసారి ధర 2,000 తగ్గించాడు.