మా నాయన ప్లేయర్లో పడే డిస్కు: డీవీడీస్టైలర్‌తో ఆరేళ్లు

మా ఊరు అల్లూరు దగ్గర. నేనుండేది నెల్లూరులో. ఊళ్లో మా నాయన దగ్గర 2009లో కొన్న డీవీడీ ప్లేయర్ ఒకటి ఉంది. స్మార్ట్ ఫోన్ చేతికిస్తే "బొమ్మ ఈగంత ఉండాది, ఇదేం చూడటంరా" అని పక్కన పెట్టేస్తాడు. తిరునాళ్లలో వేసిన పద్యనాటకమైనా, మా చెల్లెలి పెళ్లయినా, మనవరాలి పుట్టినరోజైనా టీవీలో రావాలి, రిమోట్ నొక్కితే రావాలి. ఆయన కోసమే 2019లో డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాను. యాభై డిస్కుల డబ్బాలు రెండు అయిపోయి ఇప్పుడు మూడోది నడుస్తోంది.

దానికంటే ముందు అందరూ చేసే తప్పే నేనూ చేశాను. ఫోన్‌లో తీసిన ఎంపీ4 ఫైళ్లను ఉన్నవున్నట్టు డిస్కులోకి రైట్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. ఊరికి తీసుకెళ్లి పెడితే ప్లేయర్ కాసేపు గర్రుమని తిరిగి 'అన్‌నోన్ డిస్క్' అంది. "క్యాసెట్టంతా నువ్వు చెడగొట్టావా?" అన్నాడు నాయన. ఆయనకు సీడీ, డీవీడీ అన్నీ క్యాసెట్లే.

పాత ప్లేయర్ డిస్కులో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది. అందులో వీఓబీ అనే రకం ఫైళ్లుండాలి, వాటిలో బొమ్మ ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించి ఉండాలి. మన దేశపు టీవీ పద్ధతి పాల్ అయితే సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా, జపాన్‌ల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అయితే 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. శబ్దం 48 కిలోహెర్ట్జ్. ఫోన్ వీడియోను కుదించే కొత్త పద్ధతి హెచ్.264 సంగతి ఆ ప్లేయర్‌కు తెలియనే తెలియదు. మా ప్లేయర్‌కు యూఎస్‌బీ ఉంది కదా, పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టి చూశాను. ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్ పెన్‌డ్రైవ్, అందులో ఎక్స్‌విడ్ ఏవీఐ అనే పాత రకం వీడియో ఫైలు ఉంటేనే అది పలుకుతుంది. అప్పుడూ మార్చక తప్పదు.

డీవీడీస్టైలర్‌లో నాకు నచ్చిందేమంటే మార్చడం, ఫోల్డర్ కట్టడం, రైట్ చేయడం మూడూ ఒకచోటే అయిపోతాయి. తెరవగానే డిస్కు సైజెంత, పాలా ఎన్‌టీఎస్‌సీనా, బొమ్మ పాత టీవీ ఆకారం 4:3నా, వెడల్పు టీవీ ఆకారం 16:9నా అని అడుగుతుంది. ఫైళ్లను లాక్కొచ్చి కింద వదలాలి. ఆ తర్వాత నేరుగా డిస్కుకు రైట్ చేయొచ్చు, లేదంటే డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా, అంటే ఐఎస్ఓ ఇమేజ్‌గా చేసి పెట్టుకోవచ్చు. నేనెప్పుడూ ఐఎస్ఓనే చేస్తాను. దాన్ని ముందు ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసుకుని, బాగుంటే ఇమ్‌గ్‌బర్న్ అనే రైటింగ్ సాఫ్ట్‌వేర్‌తో రైట్ చేస్తాను. డిస్కు వృథా కాదు, ఆర్నెల్ల తర్వాత ఇంకొకటి కావాలన్నా మళ్లీ మార్చే పని ఉండదు. నా పాత ఐ3 ల్యాప్‌టాప్‌లో రెండు గంటల వీడియో మారడానికి గంటన్నర పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటాను.

బిట్‌రేట్, అంటే సెకను వీడియోకు ఎంత డేటా ఇవ్వాలనే లెక్క మాత్రం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్ 4.38 అని చూపిస్తుంది. లెక్కపెట్టే తీరులో తేడా అంతే, ఎవరూ మోసం చేయలేదు. గంట వీడియోకైతే సెకనుకు 8 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. రెండు గంటలకైతే 5 దగ్గర ఆగాలి. మూడు గంటల నాటకాన్ని ఒకే డిస్కులో కుక్కితే శబ్దంతో కలిపి మూడున్నర కూడా దక్కదు. ఒకసారి అలాగే కుక్కాను. స్టేజీ మీద ఎర్ర లైటు పడ్డప్పుడల్లా రాజుగారి మొహం చదరాలు చదరాలుగా విడిపోయింది. అప్పట్నుంచి నాటకం అంటే రెండు డిస్కులు. మొదటి డిస్కు అయిపోయే వేళకు నాయన టీకి లేస్తాడు.

డిస్కును అంచుదాకా నింపను కూడా. ప్లేయర్ లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వస్తుంది, నాసిరకం డిస్కులు బయటి అంచు దగ్గరే మొరాయిస్తాయి. నాటకంలో అసలు ఘట్టం చివర్లోనే కదా! సరిగ్గా అక్కడ ఆగి ఆగి వస్తే ఇంట్లో ఎంత గొడవో. విండోస్ లెక్కలో 4.2 జీబీ దాటకుండా చూసుకుంటాను. రైట్ చేసే స్పీడు కూడా 16 ఎక్స్ జోలికి పోకుండా 8 ఎక్స్‌లోనే.

ఫోన్ వీడియోలతో ఇంకో తలనొప్పి ఉంది. ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేముల లెక్క మార్చుకుంటూ తీస్తుంది. చిన్న వీడియోలో తెలియదు. గంట దాటేసరికి పద్యం ముందు, పెదవి వెనక. ఎన్నో రాత్రులు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాక తెలిసింది, తప్పు దానిది కాదని. ఇప్పుడు ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండేట్టు మార్చి, తర్వాత డీవీడీస్టైలర్‌కు ఇస్తాను. ఫోన్ తీసేది సెకనుకు 30 కాబట్టి ఎన్‌టీఎస్‌సీ పెడతాను. మన దేశానిది పాల్ అని పట్టుబట్టి 25కి దించితే కెమెరా పక్కకు తిప్పినప్పుడల్లా కుదుపు కనిపిస్తుంది. మా ప్లేయర్, టీవీ రెండూ ఎన్‌టీఎస్‌సీని తీసుకుంటాయి. మీ ఇంట్లోది తీసుకుంటుందో లేదో చెరిపి మళ్లీ రాయగలిగే ఒక్క రీరైటబుల్ డిస్కుతో చూసుకోండి.

చెల్లెలి పెళ్లి సంగతి వేరు. అది 2007లో మినీ డీవీ అనే చిన్న కెమెరా టేపు మీద తీసింది, పాలే, బొమ్మ ఇంటర్‌లేస్డ్. ఒక్కో ఫ్రేములో సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా రెండు సగాలుగా ఉంటాయి, ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. డీవీ టేపులో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. దాన్ని తారుమారుగా పెడితే కూర్చున్నవాళ్లు బాగానే ఉంటారు, నడిచేవాళ్లు వణుకుతారు. మా పెద్దమ్మ తలంబ్రాల పళ్లెం పట్టుకుని చలిజ్వరం వచ్చినట్టు నడుచుకుంటూ వచ్చింది. ఫీల్డ్ వరుస మార్చగానే కుదుటపడింది.

కరెంటు గురించి చెప్పాలి. మా వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, వాయుగుండం అనగానే కరెంటు పోతుంది. డెస్క్‌టాప్ ఉన్న రోజుల్లో రైట్ అవుతుండగా పోయి ఏడెనిమిది డిస్కులు టీ గ్లాసుల కిందికి చేరాయి. ల్యాప్‌టాప్, యూఎస్‌బీ రైటర్ వచ్చాక ఆ టెన్షన్ లేదు. ఇప్పుడు ఖాళీ డిస్కులు దొరకడమే కష్టం. ట్రంకు రోడ్డులో అడిగితే కుర్రాళ్లు నన్ను వింతగా చూస్తారు.

మెనూలంటే మొదట్లో నాకు మహా సరదా. రెడీమేడ్ టెంప్లేట్లు కొంచెం పాతకాలపు పెళ్లికార్డుల్లా ఉంటాయని తెలుగు అక్షరాలతో సొంతంగా బొమ్మ చేసి వెనక పెట్టుకునేవాణ్ణి. ఒక పండక్కి అలాంటి డిస్కే పంపాను. వారం తర్వాత వెళ్లి ఎలా ఉందని అడిగితే "పాట బాగుంది, మనుషులే రాలేదు" అన్నాడు నాయన. రిమోట్‌లో ఎంటర్ బటన్ ఎప్పుడో చచ్చిపోయిందట. మెనూ ముందు కూర్చుని ఆ వెనక పాటే వింటూ గడిపాడు. అప్పట్నుంచి మెనూ తీసేశాను. డిస్కు పెట్టగానే వీడియో మొదలవుతుంది. పది నిమిషాలకో చాప్టర్ పెడతాను, నెక్స్ట్ నొక్కితే ముందుకెళ్తుంది. ఆ బటన్ ఇంకా బతికే ఉంది.

డిస్కు మీద స్టిక్కర్ అంటించను, మే నెల ఎండకు ఊడి ప్లేయర్ లోపల ఇరుక్కుంటుంది. మార్కర్‌తో పేరు పెద్దక్షరాల్లో రాస్తాను. దాని కింద నాయన తన మాట తాను రాసుకుంటాడు: 'బాగుంది', 'గొంతు తక్కువ', 'మళ్లీ చెయ్యమనాలి'. మూడో రకానివి ఇంకా నాలుగున్నాయి.