నిషేధమా, కనీస ధరా, ప్రభుత్వ దుకాణమా: ఏది మేలు?

2024 సెప్టెంబరు 30న స్కాట్లండ్ మద్యం కనీస ధరను పెంచింది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ 99 రూపాయల క్వార్టర్ సీసాను తెచ్చింది. తాగేవాడి చేతికి చవక మద్యం అందకూడదని అక్కడ, కల్తీ సారా వైపు పోకుండా చవకగానే అందాలని ఇక్కడ. నా మొగ్గు స్కాట్లండ్ వైపే. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన దగ్గర ప్రాణాలు పోతాయి.

స్కాట్లండ్ లెక్క సీసా మీద కాదు, అందులోని ఆల్కహాలు మీద. 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఒక యూనిట్. యూనిట్‌కు ఇంత కంటే తక్కువకు ఎవరూ అమ్మకూడదు. 2012లో చేసిన ఈ చట్టం మీద విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించాక, 2018 మే 1 నుంచి యూనిట్‌కు 50 పెన్నీల (వంద పెన్నీలు ఒక పౌండు) ధర అమలైంది. ఇప్పుడది 65. బార్లలో ధరలు ముందే ఎక్కువ కాబట్టి అక్కడ పెద్దగా తేడా రాలేదు. దెబ్బ తగిలింది సూపర్ మార్కెట్లలోని ఘాటైన చవక సైడర్‌కు, అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యానికి. 7.5 శాతం ఆల్కహాలున్న మూడు లీటర్ల సీసా 50 పెన్నీల లెక్కకే 11 పౌండ్లు దాటింది. అతిగా తాగేవారు ఎక్కువగా కొనేది అదే.

ఫలితం? ఈ విధానం లేకపోతే సంభవించేవని అంచనా వేసిన మద్యం మరణాల్లో 13.4 శాతం తగ్గాయని స్కాట్లండ్ ప్రజారోగ్య సంస్థ 2023లో తేల్చింది. కోవిడ్ కాలంలో అక్కడ మొత్తం మద్యం మరణాలు పెరిగిన మాటా నిజమే. లోపాలూ ఉన్నాయి. పెరిగిన ధర ఖజానాకు కాక దుకాణదారుకు చేరుతుంది. వ్యసనం ముదిరినవారిలో కొందరు తాగుడు మానకుండా తిండి ఖర్చు తగ్గించుకున్నారు. ధర ఒక్కటే వాళ్లను కాపాడలేదు, వైద్యం కావాలి.

ఇక నిషేధం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాలు మూయించినప్పుడు వాళ్లు అడిగింది ఇంట్లో కూడు, ఒంటి మీద దెబ్బలు లేని రాత్రి. ఆ పోరాటం వల్లే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. కానీ 1997లో ఖజానా కష్టాలతో నిషేధం సడలింది. సోవియట్ యూనియన్‌లో నాటి అధినేత గోర్బచేవ్ 1985లో పూర్తి నిషేధం కాకపోయినా అమ్మకాలు గట్టిగా బిగించారు. పురుషుల ఆయుర్దాయం పెరిగింది. ఆ వెంటే ఇళ్లలో నాటుసారా కాయడం పెరిగి చక్కెరకు కొరత ఏర్పడింది, ఆదాయం పడిపోయింది, బిగింపు వదిలేశారు. 2016 నుంచి నిషేధం ఉన్న బీహార్‌లో కల్తీ సారా చావులు ఆగలేదు.

మూడోది స్వీడన్ పద్ధతి. ఘాటైన మద్యాన్ని చిల్లరగా అమ్మేది ప్రధానంగా ప్రభుత్వ సంస్థ సిస్టెంబొలాగెట్. ఎక్కువ అమ్మి లాభం పెంచుకోవడం దాని లక్ష్యం కాదు. ఆదివారం మూత, తగ్గింపు ఆఫర్లు లేవు, 20 ఏళ్లు నిండితేనే సీసా. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2020 మేలో ధరలు ఏకంగా 75 శాతం పెంచింది. కానీ ఖజానా మద్యం రాబడి మీద ఆధారపడినంత కాలం దుకాణం ప్రభుత్వానిదైనా అమ్మకం తగ్గాలన్న కోరిక బలంగా ఉండదు. అదే ఏడాది జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూసిన సమయంలో, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వ్యసనపరుడికి వైద్యం చూపకుండా సీసా ఒక్కటే లాగేస్తే జరిగేది అదే.

స్కాట్లండ్ లెక్కన 42.8 శాతం ఆల్కహాలున్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సుమారు 5 పౌండ్లు, అంటే 500 రూపాయల పైమాటే. మన కూలి రేట్లకు ఆ అంకె పనికిరాదు, ఆ పద్ధతి పనికొస్తుంది. అయితే వరుస ముఖ్యం: ముందు బెల్టు దుకాణాలు, సారా బట్టీలు మూయాలి, ప్రతి ఏరియా ఆసుపత్రిలో వ్యసన విముక్తి వైద్యం దొరకాలి, ఆ తర్వాతే ఆల్కహాలు శాతాన్ని బట్టి కనీస ధర పెట్టి ఏటా కొంచెం కొంచెంగా పెంచాలి. పెరిగిన ధరను పన్నుగా వసూలు చేసి ఆ వైద్యానికే ఖర్చు పెట్టాలి.