కాండిన్‌స్కీ ఎక్కడ మొదలయ్యాడు? మూర్నావ్ ఇల్లు, లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియం: రివ్యూ

రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ బొమ్మల్లోంచి చెట్టూ ఇల్లూ మనిషీ ఎలా కరిగిపోయాయో చూడాలంటే జర్మనీలో రెండు చోట్లకి వెళ్ళాలి. ఒకటి మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్. రెండోది అక్కడికి దక్షిణాన, రైల్లో సుమారు గంట దూరంలో ఉన్న మూర్నావ్ ఊళ్ళో, అప్పట్లో ఆయన సహచరి, తనూ చిత్రకారిణి అయిన గాబ్రియేలె ముంటర్ ఇల్లు. చాలామంది మ్యూజియం ఒక్కటీ చూసి సరిపెట్టుకుంటారు. అలా చూస్తే గోడల మీద రంగులు కనిపిస్తాయి గానీ, అవి అలా ఎందుకయ్యాయో తెలీదు. ముందు మూర్నావ్, తర్వాతే మ్యూనిక్.

ముంటర్ ఆ ఇంటిని 1909లో కొంది. 1914 దాకా ఇద్దరూ వేసవుల్లో అక్కడ గడిపారు. లోపల అన్నిటికంటే విలువైనది మెట్ల దారి. దాని మీద కాండిన్‌స్కీ తన చేత్తో వేసిన గుర్రపు రౌతులూ పూలూ ఉన్నాయి. హడావిడిగా ఎక్కేసి పై గదులకి వెళ్ళిపోకండి. ఆ రౌతే తర్వాతి కాన్వాసుల్లో ఒక వంపు, రెండు గీతలుగా మిగులుతాడు. ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోకపోతే అక్కడ పోల్చుకోలేరు.

ఆ మెట్లకి వెనకో కథుంది. 1889లో, న్యాయశాస్త్రం చదివే రోజుల్లో, పల్లె ప్రజల జీవనాన్ని పరిశీలించడానికి కాండిన్‌స్కీ రష్యాలోని వొలొగ్దా ప్రాంతానికి వెళ్ళాడు. రంగులు పూసిన అక్కడి చెక్క ఇళ్ళలోకి అడుగుపెడితే బొమ్మలోకే నడిచినట్టు అనిపించిందని తర్వాత రాసుకున్నాడు. మూర్నావ్‌లో మెట్లకీ సామానుకీ రంగులు వేయడం ఇంటి అలంకారం మాత్రమే కాదు, ఆ అనుభవాన్ని మళ్ళీ కట్టుకోవడం.

కిటికీల దగ్గరా కాసేపు ఆగండి. చర్చీ, కోటా, కింద రైలు పట్టాలూ: ఆ ఏళ్ళ ప్రకృతి చిత్రాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి ఇవే.

ఇక గాజు బొమ్మలు. మూర్నావ్ ఉన్న బవేరియా పల్లెల్లో గాజు పలక వెనకవైపు రంగులు పూసి క్రైస్తవ సాధువుల బొమ్మలు వేసేవారు. మామూలు పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు: ముందు నల్లటి హద్దు గీతలు, సన్నటి వివరాలు, తర్వాత రంగులు, ఆఖర్న నేపథ్యం. కుడి ఎడమలు తారుమారవుతాయి. మొదట వేసిన గీత రంగు అడుగున పడిపోతుంది కాబట్టి తర్వాత దిద్దడం కుదరదు. అందుకే చేయి పొదుపు నేర్చుకుంటుంది: గీత వేరు, రంగు వేరు, నీడలుండవు, లోతుండదు. ఆ ఊళ్ళోనే ఈ పని చేసే హైన్రిష్ రాంబోల్డ్ దగ్గర ముంటర్ నేర్చుకుంది, కాండిన్‌స్కీ కూడా వేశాడు. గాజుకి రంగు పీల్చుకునే గుణం లేదు. తేమ మారితే పెచ్చులూడుతుంది. ఇలాంటివాటిని దూరాలు తిప్పడం ప్రమాదం, ఉన్నచోటికే వెళ్ళి చూడాలి.

మర్నాడు లెన్‌బాఖ్‌హౌస్‌లో నేరుగా 1911 బొమ్మల దగ్గరికి వెళ్ళండి. అదే ఏడు గాజు మీద వేసిన ‘సకల సాధువులు’, అదే విషయం మీద వేసిన కాన్వాసు, రెండూ ఈ మ్యూజియంవే. గాజులో బూర ఊదే దేవదూత స్పష్టంగా తెలుస్తాడు. కాన్వాసులో గీత రంగుని కాపలా కాయడం మానేసింది, రంగు హద్దు దాటి పారింది. మొత్తం మ్యూజియంలో ఒక్కటే చూడమంటే ఈ జంటనే చూడమంటాం.

పక్కనే చూడాల్సినది ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో విన్న స్వరకర్త షోన్‌బెర్గ్ కచేరీ తర్వాత వేసినది. పైనున్న పెద్ద నల్లటి ఆకారం పియానో మూత, తెల్లటి నిలువు పట్టీలు హాలు స్తంభాలు, ఎడమవైపు వంగిన గీతలు శ్రోతలు. ఇంత తెలిశాక కాన్వాసంతా ముంచేసిన పసుపు ఆ సంగీతమేనని వేరే చెప్పక్కర్లేదు.

ముంటర్ నాజీల కాలంలో ఈ బొమ్మల్ని మూర్నావ్ ఇంటి నేలమాళిగలో దాచింది. 1957లో, తన 80వ పుట్టినరోజుకి, కాండిన్‌స్కీ తైలవర్ణ చిత్రాలే 90తో కలిపి వెయ్యికి పైగా కృతులు మ్యూజియానికి ఇచ్చింది. ఇంత నిధి ఉన్నా లోటు లేకపోలేదు. మాస్కోలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ చూసి, కేటలాగు చదివేదాకా అదేమిటో పోల్చుకోలేకపోయిన సంఘటన కాండిన్‌స్కీకి మొదటి పెద్ద కుదుపు. ఆ రష్యా అధ్యాయానికి ఈ గోడల మీద చోటు తక్కువ. కాండిన్‌స్కీ పెద్ద కాన్వాసు ‘కంపోజిషన్ 7’ కోసం వెళ్ళేవాళ్ళకీ నిరాశే: ఇక్కడున్నవి దాని ముసాయిదాలు, అసలుది మాస్కో త్రెత్యాకొవ్ గ్యాలరీలో ఉంది. ‘రంగుల జీవితం’ (1907) ఇక్కడుందని పాత పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని అసలు యజమాని వారసులకి తిరిగివ్వాలని 2023లో, నాజీల కాలంలో యజమానుల చేజారిన కళాకృతుల వివాదాలు చూసే జర్మనీ సలహా సంఘం సిఫారసు చేసింది, కాబట్టి దానికోసం వెతక్కండి. నీటిరంగులు వెలుగుకి వెలిసిపోతాయి, అందుకని ఎప్పుడూ గోడ మీద ఉంచరు.

రెండు చోట్లా సోమవారం సెలవు. మూర్నావ్ ఇల్లు మధ్యాహ్నం కొద్ది గంటలే తెరుస్తారు, పొద్దున్నే వెళ్తే తలుపు దగ్గర కాచుకోవాలి. అందుకే మొదటి రోజు మధ్యాహ్నం ఇల్లు, మర్నాడు పొద్దున మ్యూజియం. మ్యూజియం వాళ్ళదే ఇంకో ప్రదర్శనశాల, కున్‌స్ట్‌బావ్, కోనిగ్స్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. అక్కడ నడిచేది తాత్కాలిక ప్రదర్శన, కాండిన్‌స్కీ బొమ్మలకి వచ్చినవాళ్ళు అసలు భవనంలోకే వెళ్ళాలి.