బడ్జీలకు కాల్షియం: సముద్రపు నురుగా, చుక్కల మందా?

గుడ్లు పెట్టే బడ్జీకి (పంజరంలో పెంచుకునే చిన్న చిలుక) కాల్షియం తగ్గితే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి రావచ్చు. నేనైతే సముద్రపు నురుగుకే (అలల నురగ కాదు, కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి సున్నపు పెంకు) ఓటేస్తాను. అంతర్వేది ఒడ్డున ఏరుకొచ్చిన ముక్కైనా సరే, ఉప్పు పోయేదాకా రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, బాగా ఎండబెట్టి పంజరానికి కడితే పిట్ట తనకు కావలసినంత కొరుక్కుంటుంది. కాల్షియం చుక్కల మందు నీళ్లలో కలిపితే ఎంత లోపలికి పోయిందో తెలియదు, బడ్జీ రోజుకు తాగేదే కొద్ది మిల్లీలీటర్లు, పైగా మన కోనసీమ ఉక్కలో ఆ నీళ్లు తొందరగా పాడవుతాయి. కానీ కాల్షియం ఒంటికి పట్టాలంటే కావలసిన, ఎండ తగిలితే ఒంట్లోనే తయారయ్యే విటమిన్ డి3 నురుగులో ఉండదు. ఎండ తగలని గదిలో పెంచే పిట్టకు డి3 కలిసిన చుక్కలే నయం, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే, ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. పొద్దుటి ఎండలో పంజరం కాసేపు అరుగు మీద పెట్టగలిగితే (నీడకు జరిగే చోటుండాలి, పిల్లి రాకుండా చూసుకోవాలి) చుక్కల అవసరం చాలావరకు తగ్గుతుంది.