ఈసీఈ 22.06 ఫుల్ ఫేస్ హెల్మెట్: వాడాక నాకు అనిపించింది

ఈసీఈ 22.06 అంటే హెల్మెట్ల భద్రతకి ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం పెట్టిన ప్రమాణం. దాని ప్రకారం పాసైన ఈ హెల్మెట్‌కి అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది గాలి చప్పుడు వల్ల, ఆ సంగతి తర్వాత చెప్తా.

కొనే ముందు చూసుకోవాల్సింది స్ట్రాప్‌కి కుట్టిన చిన్న లేబుల్. రంగు, గ్రాఫిక్స్ అన్నీ దాని తర్వాతే. ఆ లేబుల్ మీద వలయంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, దాని పక్కన ఏ దేశం ఆమోదించిందో చెప్పే అంకె, కింద 06తో మొదలయ్యే నంబరు, ఆ తర్వాత ‘పి’ అనే అక్షరం ఉంటాయి. పి ఉందంటే గడ్డం భాగం కూడా పరీక్షలో నిలబడిందని అర్థం. ‘ఎన్‌పి’ అని ఉంటే మాత్రం అక్కడ బార్ ఉన్నా రక్షణ ఇస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు.

పాత 22.05 పరీక్షలో హెల్మెట్‌ని సెకనుకు 7.5 మీటర్ల వేగంతో పడేసి చూసేవాళ్లు. 22.06 వచ్చాక దానికి తోడు 8.2 దగ్గరా, 6 దగ్గరా కూడా చూస్తున్నారు. తక్కువ వేగం పరీక్ష ఎందుకు అనుకుంటారేమో, అసలు కిటుకు అక్కడే ఉంది. లోపలి థర్మోకోల్ పొర నలిగితేనే దెబ్బ తీవ్రత తగ్గుతుంది, పెద్ద దెబ్బని మాత్రమే లెక్కలో పెట్టుకుని దాన్ని మరీ గట్టిగా చేస్తే చిన్న దెబ్బకి అది నలగదు, ఆ అదురంతా నేరుగా తలకి వెళ్తుంది. ఇంకోటి, వాలుగా ఉన్న గరుకు ఉపరితలం మీద పడేసి తల ఎంత గిర్రున తిరుగుతుందో కూడా ఇప్పుడు కొలుస్తున్నారు. రోడ్డు మీద పడేవాళ్లు నిటారుగా పడరు కదా, జారుతూ పడతారు.

ఇక ఫిట్టింగ్. కొత్తలో చెంపలు నొక్కుకుపోయి మాట కూడా ముద్దగా వస్తుంది, అలాగే ఉండాలి. హెల్మెట్‌ని పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చెంపల చర్మం కూడా దాంతోపాటే కదలాలి. స్ట్రాప్ బిగించాక వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి లాగి చూడండి, ఊడి వచ్చేట్టుంటే ఆ సైజు మీది కాదు. దీనికి డబుల్ డి రింగ్ స్ట్రాప్ (రెండు లోహపు రింగుల్లోంచి పట్టీని దూర్చి బిగించేది) ఇచ్చారు, గ్లవ్స్‌తో బిగించడం కాస్త చికాకే గానీ ప్రతిసారీ మన గడ్డానికి సరిపడా బిగుతు వస్తుంది. క్లిప్ అయితే ఒకసారి సెట్ చేసి వదిలేస్తాం, అది మెల్లగా వదులైనా పట్టించుకోం.

వైజర్ (ముందుండే అద్దం) లోపల పిన్‌లాక్ అనే పారదర్శకమైన పలక పెట్టుకుంటే ఆవిరి పట్టడం చాలావరకు తగ్గింది. స్పీడ్ పెరిగితే మాత్రం హోరు భరించలేం, ఇయర్ ప్లగ్స్ తప్పవు. పైనున్న వెంట్‌లు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

ఇంత ఖర్చు అవసరమా, చలాన్ పడకుండా తలమీద ఏదో ఒకటి ఉంటే చాలదా అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. చట్టం అవసరమే, అందులో నాకు అనుమానం లేదు. హెల్మెట్ పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోయే ముప్పు 42 శాతం, తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని కొక్రేన్ (వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష అంచనా. వియత్నాంలో 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా తప్పనిసరి చేస్తే దాదాపు అందరి తలల మీదకీ హెల్మెట్లు వచ్చేశాయి, వాటితోపాటే టోపీకి ప్లాస్టిక్ తొడిగినట్టుండే నాసిరకం సరుకూ మార్కెట్‌లోకి దిగింది. రోడ్డు పక్కన ఆపిన పోలీసుకి ఆ రెండింటి తేడా దూరం నుంచి ఎలా తెలుస్తుంది? అందుకే అమ్మేచోట తనిఖీ లేని చట్టం సగం పనే చేస్తుందంటాను.

‘నా తల, నా ఇష్టం’ అనే వాదన కూడా చూద్దాం. అమెరికాలోని ఫ్లోరిడాలో 2000లో చట్టం సడలించి, 21 ఏళ్లు దాటినవాళ్లకి 10,000 డాలర్ల వైద్య బీమా ఉంటే హెల్మెట్ అక్కర్లేదన్నారు. మెదడుకి పెద్ద దెబ్బ తగిలితే ఆ డబ్బు ఏ మూలకి? మిగతాది ఇంట్లోవాళ్లో, ప్రభుత్వమో, బీమా ప్రీమియం కట్టే మిగతావాళ్లో మోయాల్సిందే. ఆ తర్వాత అక్కడ బైకర్ల మరణాలు పెరిగాయి. బళ్ల సంఖ్య కూడా పెరిగింది నిజమే, కానీ మరణాలు అంతకంటే ఎక్కువ పెరిగాయి. హెల్మెట్ ఖర్చు ఒక్కసారిదే, అయిదేళ్లకోసారి మార్చుకోమంటారు కాబట్టి నెలకి లెక్కేస్తే ఏమంత కాదు.

గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పక్కన పెట్టేయండి, లోపల నలిగిన పొర మళ్లీ లేవదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దంటాను. పెట్రోల్‌తోనో థిన్నర్‌తోనో తుడవకండి, సబ్బునీళ్లు చాలు.

కళ్లజోడు వాడేవాళ్లు దాంతోనే ట్రై చేయండి, ఇందులో కణతల దగ్గర చోటు కాస్త తక్కువ. రెండు సైజుల మధ్య పడితే, నుదుటి దగ్గర నొప్పి లేనంతవరకు చిన్నదే తీసుకోండి, చెంపల దగ్గరి మెత్తలు వాడేకొద్దీ అణుగుతాయి.