చిన్న టార్చిలైట్లలో ఏది గట్టిది?

అరచేతిలో ఇమిడే టార్చిలైట్లు ఎన్ని రకాలున్నా, మన్నిక విషయంలో మూడింటిని పోలిస్తే చాలు. తల తిప్పితే వెలిగే అల్యూమినియం టార్చి ఒకటి. వెనక నొక్కే స్విచ్చి ఉన్న ప్లాస్టిక్ టార్చి రెండోది. బ్యాటరీ లోపలే బిగించి ఉండి, యూఎస్‌బీ తీగతో చార్జి చేసుకునే తాళంచెవుల గుత్తి టార్చి మూడోది.

మన్నిక అనగానే అందరూ చేసేది కింద పడేసి చూడటం. 2009లో అమెరికాలో టార్చిలైట్ల కోసం వచ్చిన ఎఫ్ఎల్ 1 ప్రమాణంలోనూ ఈ పరీక్ష ఉంది. సెల్లు లోపల ఉండగానే టార్చిని కనీసం మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పలు వైపులకు పడేలా వదలాలి. ఆ తర్వాత పగుళ్లు కనబడకూడదు, టార్చి వెలగాలి. ఎల్ఈడీలో తెగిపోయే ఫిలమెంటు లేదు కాబట్టి, కాస్త బాగా తయారైన టార్చి ఏదైనా ఇందులో నెగ్గుతుంది. అల్యూమినియానికి సొట్టలు పడతాయి, ప్లాస్టిక్ కొద్దిగా వంగి దెబ్బను మింగుతుంది. లోహానికి ఉన్న అసలు ప్రమాదం వేరు: మరలున్న అంచు మీద సొట్ట పడితే మూత మళ్లీ తిరగదు. పడిన క్షణంలో వెలుగు ఒక్కసారి ఆరి వెలిగిందంటే, సెల్లు బరువుకు స్ప్రింగు నొక్కుకుపోయి క్షణకాలం కరెంటు తెగిందని అర్థం. అదొక్కటే అయితే కంగారు పడనక్కర లేదు. అరచేతికి తట్టినప్పుడు కూడా మిణుకుమంటే మాత్రం ఆ టార్చిని నమ్మకండి.

నీటి పరీక్షను ఎప్పుడూ పడేసిన తర్వాతే చేయాలి. కొత్త టార్చి నీటిని ఆపడం గొప్పేమీ కాదు. నీటిని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అంటే చిందే నీటికి, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో 30 నిమిషాల మునకకు తట్టుకుంటుందని. బకెట్టులో అంత లోతు రాదు గనుక ఐపీఎక్స్7ను ఇంట్లో తేల్చలేం. అయినా గొట్టంలో సెల్లు పక్కన చిన్న కాగితం ముక్క పెట్టి ముంచి తీస్తే, అది తడిసిందో లేదో చూసి చాలా తెలుసుకోవచ్చు. మూడో రకాన్ని విప్పలేం కాబట్టి అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూడటమే మార్గం. దాని బలహీనత చార్జింగు రంధ్రం మీది రబ్బరు మూత. అది వదులైతే నీటిని ఆపలేదు.

ఇక ఏ పెట్టె మీదా రాయని పరీక్ష ఒకటుంది: సెల్లు వేసి, నెలల తరబడి సొరుగులో మరచిపోవడం. నా ఉద్దేశంలో చిన్న టార్చిలను దెబ్బల కంటే ఎక్కువగా చంపేది ఇదే. ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్లులో హైడ్రోజన్ పుట్టి ఒత్తిడి పెరిగితే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షార ద్రవం బయటికి కారుతుంది. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి పేరుకుపోయి, ఉబ్బిన సెల్లు గొట్టంలో బిగుసుకుంటుంది. ఎంత ఖరీదైన లోహమైనా అంతే సంగతులు. ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం ఆ ద్రవం అంతగా బాధించదు. స్ప్రింగును శుభ్రం చేసి తిరిగి వాడుకునే అవకాశం ఉంటుంది. అందరూ చులకనగా చూసే ప్లాస్టిక్ ఇక్కడ గెలుస్తుంది. రెండు సెల్లుల టార్చిలో పాతదానితో కొత్తదాన్ని జత చేస్తే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

మూడో రకానికి ఈ బెడద లేదు గానీ, అందులోని లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. మార్చే వీలు లేకపోతే టార్చి ఆయుష్షు బ్యాటరీ ఆయుష్షే.

స్విచ్చి సంగతికి వస్తే, తిప్పుడు టార్చిలో చెడిపోయే భాగాలు చాలా తక్కువ. మిణుకుమంటే గొట్టం అంచును పొడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. నొక్కుడు స్విచ్చికి మీది రబ్బరు టోపీ చిరగడం, లోపలి యంత్రాంగం అరగడం రెండూ ఉన్నాయి.

కాబట్టి నా మొగ్గు తిప్పుడు అల్యూమినియం టార్చికే. ఒక షరతు: తయారీదారు అనుమతిస్తే అందులో మళ్లీ చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వాడాలి, ఎందుకంటే అవి ఆల్కలైన్ కంటే చాలా తక్కువగా కారతాయి. ఆల్కలైనే వేసి అత్యవసరానికని దాచేవారికి ప్లాస్టిక్‌దే మేలు, సెల్లును విడిగా ఉంచితే ఇంకా మేలు. రోజూ జేబులో తిరిగేదానికి మూడోది చాలు. మూత దగ్గరి రబ్బరు వలయాలకు అప్పుడప్పుడు కొద్దిగా సిలికోన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది.