హవాయి తీరాల్లో డీజేఐ మినీ 3 ప్రో: చాలాకాలం వాడాక

హవాయి కోసం డ్రోన్ కొనేవారు కెమెరా గురించి అడుగుతారు. అడగవలసింది గాలి గురించి. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు ఇక్కడ ఏడాదిలో చాలా భాగం ఆగవు, వేసవిలో మరీనూ. నేను ఈ మినీ 3 ప్రోను ఎక్కువగా వాడింది మోలోకాయి దీవి దక్షిణ తీరంలో, హవాయి దీవుల్లో పెద్దదైన బిగ్ ఐలాండ్ దక్షిణపు కొసన ఉన్న కా లాఏలో.

బరువు 249 గ్రాములే. దారి లేని చోటికి లావా రాళ్ల మీద నడిచి వెళ్లేవారికి అంతకన్నా ఏం కావాలి? కానీ అది తట్టుకునే గాలి సెకనుకు 10.7 మీటర్లు. కా లాఏలో చెట్లే గాలివాటుకు వంగి పెరుగుతాయి. అక్కడ గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది కనుక వెళ్లడం సుఖం, తిరిగి రావడమే కష్టం. ఎదురుగాలి బలంగా ఉంటే వేగం పెంచే స్పోర్ట్ మోడ్ తప్పదు. ఎత్తు తగ్గించి తెస్తే కాస్త నయం. 34 నిమిషాల బ్యాటరీ అన్నది గాలి లేని చోటి లెక్క. నేను సగం ఉండగానే వెనక్కి తిప్పుతాను.

లావా రాతిలోని ఇనుప ఖనిజం డ్రోన్‌లోని దిక్సూచిని తికమక పెడుతుంది. అందుకే నేల మీంచి కాక అరచేతి మీంచి లేపుతాను. నల్ల ఇసుక రేణువులు మోటారు అయస్కాంతాలకు అంటుకుంటే వదలవు. ఉప్పు తుంపర సరేసరి, ఎగరేసిన ప్రతిసారీ తడిబట్టతో తుడవాల్సిందే.

పెట్టిన డబ్బుకు ఫలితం దక్కింది మోలోకాయి చేపల చెరువుల దగ్గర. శతాబ్దాల క్రితం హవాయివాసులు లోతు తక్కువ నీటిలో రాళ్లు పేర్చి కట్టుకున్న లోకో ఇయాలు ఇవి. ఒడ్డున నిలబడితే కనిపించేది పొట్టి రాతిగట్టు, అంతే. కెమెరాను నిట్టనిలువుగా కిందికి వంచితే విల్లులా వంగి మళ్లీ ఒడ్డును కలిసే గోడ మొత్తం, మాకాహా అనే తూములు, తెగిన చోట్లు ఒక్క ఫొటోలో వస్తాయి. ఒండ్రును ఆపడానికి 1902లో మోలోకాయికి తెచ్చి నాటిన మడ చెట్లు చెరువులను ఎంత మింగాయో కూడా పైనుంచే తెలుస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే నీటి మెరుపు తగ్గి, మునిగిన రాళ్లు కూడా బయటపడతాయి. గోడల ఎత్తుపల్లాలు కావాలంటే ఏటవాలు ఎండ, నీటి అడుగు కావాలంటే నడినెత్తి ఎండ.

ముందు, వెనుక, కింద అడ్డంకులను పసిగట్టే సెన్సార్లు ఉన్నాయి, పక్కలకు లేవు. కొండ అంచు వెంబడి పక్కకు జరుపుతూ వీడియో తీయాలన్న ఆశ ఉంటే దూరం మీ కంటితోనే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం: అందరూ తీయాలనుకునే చోట్లలో చాలావాటికి అనుమతే లేదు. అమెరికా జాతీయ పార్కుల్లో డ్రోన్లపై 2014 నుంచి నిషేధం ఉంది. 1866 నుంచి కుష్ఠు రోగులను వెలివేసి ఉంచిన కలౌపాపా, పూర్వం కట్టుబాట్లు మీరినవారు తలదాచుకున్న హోనౌనౌ ఆశ్రయ క్షేత్రం రెండూ ఆ కోవలోవే. శీతాకాలంలో వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలకు 1,000 అడుగుల లోపు వెళ్లడం నేరం. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న సడలింపు సరదాకు ఎగరేసేవారికే. ఫొటోలు అమ్మేవారికి అది వర్తించదు.

చెరువులకైతే వాటిని చూసుకునే వారిని ముందే అడగండి. నేను తీసిన వాటి ప్రతులు వాళ్లకు ఇస్తాను. గోడ ఎక్కడ కుంగిందో పెద్ద అలలు వచ్చే కాలం తర్వాత పోల్చి చూసుకోవడానికి అవి పనికొస్తున్నాయి.